చెట్టుకి కట్టిన ముడుపు

రంగూన్, లత పేట
9 నవంబర్ 2024

చిరంజీవి ప్రమోదకి నీ వదిన చిన్నతల్లి దీవెనలు. పక్కనే ఉంటాడు కాబట్టి మా తమ్ముడు కన్నారావుకి కూడా.

మీరు విమానం ఎక్కి ఇవాళ్టికి ఐదు రోజులు. చేత్తో రాసి ఫొటో తీసి పంపమని నేనే అన్నాను కాబట్టి ముందు నేనే మొదలుపెడుతున్నాను. ఫోనులో నాకు సగం వినపడదు. వినపడిన సగానికి ఊ కొట్టేసి, నువ్వేం చెప్పేవో తెలియక రోజంతా తల బద్దలుకొట్టుకుంటాను. కాగితమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. మూడేళ్ళు వంటింటి నేల మీద కూర్చోబెట్టి నీకు అక్షరాలు దిద్దించేను, అది ఊరికే పోకూడదు కదా. ఇది రాసి కింద అంతస్తు బర్మా ఆవిడ డా మ్యింట్‌కి ఇస్తే ఆవిడ తన ఫోనులో ఫొటో తీసి పంపుతుంది. ఆవిడకి తెలుగు ముక్క రాదు. అందుకని ఏం రాసినా భయం లేదు.

మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళేటప్పుడు నువ్వు రెండుసార్లు వెనక్కి చూసేవు. వాడు ఒక్కసారీ చూడలేదు. ముందురోజు నేను "నలభై దగ్గర పడతంటే ఇప్పుడు హనీమూనేటిరా?" అన్నానని మనసులో పెట్టుకున్నాడా? వేళాకోళానికి అన్నాను తల్లీ. ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే ఈ చేతులతో పెంచేను, ఆ మాత్రం అనకూడదా? వాణ్ణి నాలుగు ముక్కలు రాయమను.

ఇక్కడి సంగతులు. నిన్న పొద్దున్న బాల్కనీ తాడు గంట మోగింది. ఉడకేసిన బఠాణీలు అమ్మే ఆవిడ ఎప్పటిలాగే కింద తాడు క్లిప్పుకి పొట్లాలు తగిలించి గంట లాగింది. పైకి లాక్కుని చూస్తే అలవాటుకొద్దీ మూడు పొట్లాలు! నాలుగంతస్తుల కిందకి "మనుషులు లేరే" అని అరవడం బాగోదని డబ్బులు పంపించేసేను. ఒకటి నేను తిని, రెండు డా మ్యింట్‌కి ఇచ్చేను.

పిండి దంచేవాడు లేడు కాబట్టి కొట్లకి వేసే అప్పడాలు సగానికి తగ్గించేను. నా భుజం బాగానే ఉంది, అడక్కు. మన హాలుకి అడ్డంగా కట్టిన తెర తీసి, ఉతికి, మడతపెట్టేను. గాలి బాగా వస్తోంది. రైలు పెట్టె లాంటి ఇల్లు మనది, ఇంత పొడుగని నాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

ఒక్క మాట. దేవుడి పీట మీద పసుపు గుడ్డ మూట చిన్నది ఉండాలి. కనపడటం లేదు. ఎలకలు లాక్కుపోయాయో ఏమో. నువ్వేమైనా చూసేవా?

డిసెంబర్ ఎనిమిది మీద క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టేను. వేళకి తినండి. చలికి చెవులు కప్పుకోండి.

మీ కోసం చూస్తూ,
చిన్నతల్లి


చైనా, గ్వాంగ్‌షీ కొండల్లో, వే మేడమ్ వాళ్ళ ఊరు
15 నవంబర్ 2024

వదినకు ప్రమోద నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు కాదు, ఐదుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, నాలుగుసార్లు మీ తమ్ముడికి వినిపించడానికి. ఆయన రాస్తారట, కానీ ఇవాళ కాళ్ళు నొప్పులట. నిజంగానే కొండలెక్కాం.

కున్‌మింగ్ నుంచి రైలు, తర్వాత ఒక బస్సు, తర్వాత ఇంకో చిన్న బస్సు, దాంట్లో మా కాళ్ళ దగ్గర రెండు బాతులు. లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీలో నా పైన మేనేజరుగా చేసిన వే మేడమ్ బస్సు దగ్గరికే వచ్చింది. అక్కడ నన్ను లైనులో ఒక్క నవ్వూ నవ్వనిచ్చేది కాదు. ఇక్కడ నా చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పుతోంది! ఇళ్ళన్నీ చెక్కవి. కొండ పొడుగునా మెట్లు మెట్లుగా మళ్ళు. కోతలైపోయి మోళ్ళు మిగిలాయి. పగలు ఎండ, సాయంత్రమైతే వేళ్ళు కొంకర్లు పోతాయి.

ఇక్కడ టీ తాగరు వదినా, తింటారు. ఆకు నూనెలో వేయించి, అల్లం వేసి దంచి, ఉప్పేసి కాచి, మరమరాల మీద పోస్తారు. తినడానికి ఒకే ఒక్క పుల్ల ఇస్తారు. అయిపోగానే మళ్ళీ పోస్తారు. వద్దంటే నవ్వి పోస్తారు. మీ తమ్ముడు మొహమాటానికి ఏడు గిన్నెలు తాగేశారు. ఆ పుల్ల గిన్నె మీద అడ్డంగా పెడితే చాలు అన్నట్టని ఏడో గిన్నె తర్వాత చెప్పారు.

పొద్దున్నే ఒక చప్పుడుకి మెలకువ వచ్చింది. దబ్, దబ్, దబ్ అని. ఆయన లేచి కూర్చుని, "అక్క పిండి దంచతన్నట్టు నేదూ?" అన్నారు. బయటికెళ్ళి చూస్తే ఆడవాళ్ళు నీలిమందులో ముంచిన గుడ్డని రాతి మీద పెట్టి చెక్క సుత్తులతో కొడుతున్నారు, నల్లగా మెరుపు రావాలని. ఆయన ఒకావిడ దగ్గర సుత్తి అడిగి తీసుకుని అరగంట కొట్టారు. ఆవిడ బాగా కొట్టావని బొటనవేలు చూపించింది.

మాకిచ్చిన గదికి తలుపుంది, తలుపుకి గడియ ఉంది. మొదటిరోజు ఆయన గడియ వేసి, తీసి, మళ్ళీ వేశారు. పెళ్ళయిన మూడేళ్ళకి మేం గడియ వేసుకోవడం ఇదే మొదటిసారి అని ఒకటే నవ్వుకున్నాం. తర్వాత మాట్లాడుతూనే ఉన్నాం.

మూట గురించి కంగారుపడకండి, ఎలకలు కాదు, నేనే! దారికి కాపుగా మా కోసం కట్టారనుకుని సంచిలో పెట్టుకున్నాను. మా అమ్మమ్మ పగోడా దగ్గర మంత్రించిన దారం తెచ్చి ప్రయాణాల్లో అలాగే సంచిలో పెట్టేది. ఈ ఊరి బయట కర్పూరం వాసన వేసే పెద్ద చెట్టు ఉంది. దాన్నే అమ్మలా కొలుస్తారు. జంటగా వచ్చినవాళ్ళు ఎర్ర గుడ్డలు కడతారు. మా దగ్గర ఎర్ర గుడ్డ లేదు. నాకు మీ పసుపు మూట గుర్తొచ్చింది. ఇద్దరం కలిసి కట్టాం. ఫొటో పంపుతున్నాను, అన్నిట్లోకీ మీదే అందంగా ఉంది.

రేపు ఇంకా తూర్పుకి వెళ్తున్నాం, నది వెంట.

మీ ప్రమోద


రంగూన్, లత పేట
18 నవంబర్ 2024

ప్రమోదా,

దీవెనలు ఎప్పుడూ ఉంటాయి, అవి తర్వాత. ముందు చీవాట్లు.

అది తాయెత్తు కాదే పిచ్చిదానా, ముడుపు! మనసులో ఒకటి మొక్కుకుని, నాణెం పసుపు గుడ్డలో ముడేసి, మన అమ్మవారి పేర పీట మీద పెట్టేను. అది తీరేదాకా గడప దాటకూడదు. తీరేక కట్టిన చేతులే తీసుకెళ్ళి గుడిలో ఇవ్వాలి. ఈ ముక్క నీకు నేర్పకపోవడం నాదే తప్పు. అక్షరాలు నేర్పేను గాని అసలు సంగతులు నేర్పలేదు. పెళ్ళిలో పసుపు దారం తప్ప పసుపుతో మనవాళ్ళు ఏం చేస్తారో నీకెవరు చెప్పేరు పాపం. కానీ పక్కన వాడున్నాడు కదా! వాడికి తెలీదా? మా అమ్మ వాడి జ్వరానికి కట్టిన ముడుపు, అమ్మ వెంట వాడే మోసుకొచ్చేడు గుడికి. అక్కడ నోట్లో ఏం పెట్టుకున్నాడు?

ఆ రూపాయి ఏదో తెలుసా? మా ముత్తాత ఓడరేవులో బస్తాలు మోసి మొదటి జీతంలో దాచుకున్నది. మా నాన్న నా చేతికిచ్చేడు. దాన్ని తీసుకెళ్ళి ఏ దేశపు చెట్టుకో, ఏ దేవతో ఏమో, కట్టేసి వచ్చి అందంగా ఉందని ఫొటో పంపుతావా? మొక్కింది ఒకరికి, ఇచ్చింది ఇంకొకరికి. మన అమ్మవారికి నేనేం సమాధానం చెప్పను?

ఏం మొక్కుకున్నానని అడక్కండి. తీరేదాకా బయటికి చెప్పకూడదు. ఎంత దూరం వెళ్ళేరో నాకు తెలీదు, కానీ వెనక్కి వెళ్ళి ఆ మూట తీసుకోండి. అది దొరికేదాకా నాకు ముద్ద దిగదు.

గడియ సంగతి చదివేను. మీరిద్దరూ నవ్వుకున్నారు కాబట్టి నేనూ నవ్వేను. మన ఇంటికి లోపలి గడియ లేదని మూడేళ్ళలో నాతో ఒక్కరూ అనలేదు. అంటే చేయించలేకపోయేదాన్నేమో, కానీ అనొచ్చు కదా.

తెర మళ్ళీ కట్టేను. ఎందుకని అడక్కు.

డా మ్యింట్ వచ్చి, "కాగితం చిరిగిపోతంది, ఎవుల్ని పొడుస్తన్నావు?" అని వాళ్ళ భాషలో అంటోంది. వాడింకా ఒక్క ముక్క రాయలేదని చెప్పేను. మనసు ఏం బాగోలేదు.

చిన్నతల్లి


మళ్ళీ వే మేడమ్ వాళ్ళ ఊరు
24 నవంబర్ 2024

వదినకు,

ముందుగా చెప్పేస్తున్నాను, మూట దొరికింది. అన్నం తినండి.

మీ ఉత్తరం వచ్చేటప్పటికి మేం రెండు రోజుల దూరంలో నది ఒడ్డున ఉన్నాం. చదివి వినిపించాను. ఆయన వెంటనే సంచి సర్దేశారు. "ముడుపని నీకు తెలీదా?" అని అడిగితే, "చూసేను గాని, నువ్వంత సంబరంగా కడతంటే వద్దననేకపోయేను" అన్నారు. నాకు ఆయన మీద కోపం, నా మీద కోపం, మీ మీద కూడా కొంచెం. దారంతా వాన. మట్టి కొండ జారి బస్సు ఆపేశారు. ఆరు మైళ్ళు నడిచాం. ఆయన మడమ మెలిపడింది, వాపు తగ్గుతోంది.

తీరా వచ్చేసరికి చెట్టు బోసిగా ఉంది వదినా! ఒక్క గుడ్డ లేదు. గాలివానకి పడిపోతే ఊరివాళ్ళు ఏరి కాల్చేశారట. నేను ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను. అప్పుడు మొన్న సుత్తి ఇచ్చిన ముసలావిడ వచ్చి మమ్మల్ని వాళ్ళింటికి లాక్కెళ్ళింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మీ మూట తీసింది. పరాయి దేశం గుడ్డ, లోపల ఏదో గట్టిగా తగులుతోంది, దీని మనుషులు దీని కోసం వస్తారు అని దాచిందట. ముడి ముడిలాగే ఉంది. ఆవిడ టీ పోసింది. ఆయన మొదటి గిన్నెకే పుల్ల అడ్డంగా పెట్టారు. ఆవిడ ఆ పుల్ల తీసేసి మళ్ళీ పోసింది. ముగ్గురం నవ్వాం.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. చెప్పొద్దనుకున్నాం. వే మేడమ్ అన్నకి ఇక్కడి చిన్న పట్నంలో కుట్టు ఫ్యాక్టరీ ఉంది. ఆయనకి మిషన్లు చూసే పని, నాకు లైను పని ఇస్తామన్నారు. రెండేళ్ళ పర్మిట్ వాళ్ళే చేయిస్తారు. ఉండటానికి గది, వేరే వంటిల్లు. గది చూశాం. కిటికీలోంచి నారింజ చెట్లు కనపడతాయి. ఆయన రాయకపోవడం మీ మీద కోపంతో కాదు వదినా. కాగితం మీద పెన్ను పెడితే ఈ సంగతి దాచలేనని రాయలేదు. విమానం దగ్గర వెనక్కి చూడకపోవడం కూడా అందుకే. బయల్దేరకముందే వే మేడమ్ ఫోనులో ఈ మాట అంది.

మీరు ఏం మొక్కుకున్నారో చెప్పక్కర్లేదు, మాకు తెలిసిపోయింది. మేం తిరిగి మీ దగ్గరికి రావాలనే కదా. అంత కోపం ఇంక దేనికొస్తుంది? ఆ మూట చేతికి రాగానే ఆయన నేరుగా వెళ్ళి పని వద్దని చెప్పేశారు. నెలాఖరు దాకా ఆలోచించుకోమని ఆ పెద్దమనిషి అన్నాడు. ఆలోచించేది లేదు. ఎనిమిదో తారీకుకి వచ్చేస్తాం. గడియ మాట రాసినందుకు క్షమించండి. ఎప్పుడూ నోటికి రాని మాట కాగితం మీద ఎలా వచ్చిందో తెలీదు.

మీ ప్రమోద

అక్కా, నాను కన్నారావుని. కోపం పెట్టుకోకు. ముడుపు నా చొక్కా జేబులో ఉంది, బొత్తాం పెట్టుకున్నాను. వచ్చేస్తాం. నానొచ్చేదాకా పిండి దంచకు, నీ బుజం సంగతి నాకు తెల్దా ఏటి.


రంగూన్, లత పేట
27 నవంబర్ 2024

నా తమ్ముడు కన్నారావుకి, నా మరదలు ప్రమోదకి, ఇద్దరి పేర్లూ ఒక్క కాగితం మీద పెట్టి మీ అక్క రాస్తున్నది.

నీ నాలుగు వరుసలూ అందేయిరా. రాత ఇంకా కోడి గెలికినట్టే ఉంది. ఎన్నిసార్లు చదివేనో చెప్పను.

మీరు తప్పుగా అనుకున్నారు. అలా అనుకునేలా రాసింది నేనే. మొక్కు తీరేక చెప్పొచ్చు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

మొన్న దసరాల ముందు ఒక సాయంత్రం నేను అప్పడాలు వేసి తిరిగొచ్చేను. ప్రమోద వంటింట్లో కుళాయి విప్పి పెట్టి, ఆ చప్పుడులో ఏడుస్తోంది. ఎందుకో నేను అడగలేదు. నా వల్ల కాదనీ తెలుసు, నా వల్లేననీ తెలుసు. ఇంట్లో ఏడవడానికి కూడా కుళాయి కావలసి వచ్చిందంటే అది ఇల్లా? నువ్వు తెర అవతల దానితో గుసగుసలాడితే నేను దగ్గేదాన్ని, మెలకువగా ఉన్నానని తెలియాలని. ఎందుకు దగ్గేదాన్నో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. ఆ మర్నాడే ముత్తాత రూపాయి ముడేసి మొక్కుకున్నాను. "అమ్మా, వీళ్ళిద్దరికీ తలుపున్న ఇల్లు ఒకటి చూపించు. ఆ రోజొచ్చినప్పుడు నన్ను అడ్డుపడనివ్వకు." అంతే నా మొక్కు. మీరు తిరిగి రావాలని కాదు.

మరి ఎందుకంత కోపమంటారా? అదీ చెప్పేస్తాను, దాచుకుంటే కుళ్ళిపోతుంది. మూట ఎక్కడో చెట్టుకి కట్టేసేవని చదివినప్పుడు నాకు ముందు సంతోషం వేసింది ప్రమోదా. మొక్కు చెడిపోయింది, ఇంక వీళ్ళకి వేరే ఇల్లు రాదు, నా దగ్గరే ఉంటారు అనుకున్నాను. ఒక్క నిమిషం. ఆ నిమిషం నన్ను చూసి నాకే భయమేసింది. ఆ కోపమంతా నీ మీద పోసేను. వాడి మడమ మెలిపడిందంటే, నువ్వు బురదలో కూర్చుని ఏడ్చేవంటే, ఆ నిమిషం చేసిన పాపమే అది.

కాబట్టి వినండి. నెలాఖరుకి ఇంకా మూడు రోజులుంది. ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి ఒప్పుకుంటున్నామని చెప్పండి. కుంటుకుంటూ అయినా సరే వెళ్ళరా. అమ్మవారు నా మాట విని తలుపు చూపిస్తే, నా కోసమని మీరు కాదంటే, ఆ తల్లి నన్నేమంటుంది? నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్ళేమని ఎప్పుడూ అనుకోకండి. ఒంటరిగానే ఉంటుంది, అబద్ధం ఆడను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. కరెంటు పోయినప్పుడు ఒక్క కొవ్వొత్తి వెలిగించుకుని, ఇంత చిన్న వెలుగుకి ఒక్కదాన్నే కూర్చున్నానేమిటి అనిపిస్తుంది. అయినా అది నాకు నేను మొక్కుకున్నది. మోసుకోగలను.

ముడుపు పోస్టులో పంపకండి. మీ గదిలో ఎత్తు మీద, కాళ్ళు తగలని చోట పెట్టండి. సెలవు దొరికినప్పుడు ఇద్దరూ కలిసి పట్టుకురండి. కట్టిన చేతులు ఇక్కడే ఉంటాయి, ముగ్గురం గుడికి వెళ్దాం. అమ్మవారు తొందరపెట్టదు. నేనూ పెట్టను. ఆ ముసలావిడకి అప్పడాలు పంపడం ఎలాగో వే మేడమ్‌ని అడిగి రాయి. మన వస్తువుని బియ్యంలో దాచిపెట్టిన మనిషి, ఊరికే వదలకూడదు.

నా పని గురించి బెంగ వద్దు. పిండి దంచడానికి డా మ్యింట్ చెల్లెలు వస్తానంది. పదేళ్ళుగా ఈ చప్పుడుతో చచ్చిపోతున్నామని మీద మీదకొచ్చిన డా మ్యింటే, నాలుగు రోజులు చప్పుడు లేకపోతే, "ఏటి బతికే ఉన్నావా?" అని పైకొచ్చింది. బఠాణీల ఆవిడకి ఒక్క పొట్లమే పెట్టమని ఇవాళ చెప్పేను. చెప్పడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

తెర ఎందుకు మళ్ళీ కట్టేవని అడక్కు అన్నాను కదా. అడక్కుండానే చెబుతున్నాను. తెర లేకపోతే అవతల ఖాళీ మంచం కనపడుతోంది. తెర ఉంటే కనపడదు. పొద్దున్నే లేచి కుళాయి మెల్లగా తిప్పుతున్నాను. పిండి రోలు జరపాలంటే చప్పుడవుతుందని ఎత్తి పెడుతున్నాను. మీరింకా లేవలేదు కదా అని.

మీ అక్క
చిన్నతల్లి